మమిత్ అంటే ఎన్ని కిలోలు? హైతీ ఫోటోలకు క్యాప్షన్లు రాసిన అనుభవం

ఒక ప్రదర్శన కోసం మొత్తం 140 ఫోటోలు. కరీబియన్ సముద్రపు ద్వీపంలో ఉన్న హైతీలో 2008 నుంచి 2019 దాకా వేర్వేరు చేతులు తీసినవి. సంతలు, బడిపిల్లలు, వట్టివేరు తవ్వే కొండలు, పడవలు, ఆదివారం తెల్లబట్టల్లో చర్చికి వెళ్ళే ఆడవాళ్ళు. ఒక్కొక్క దాని కింద నాలుగైదు వాక్యాలు హైతీ జనం మాట్లాడే క్రెయోల్‌లో, ఇంగ్లీషులో, తెలుగులో రాయాలి. తెలుగు వంతు నాది. హైతీ కుటుంబాలు చాలా ఉన్న పేట, బోస్టన్‌లోని మటాపాన్‌లో పెద్దవాళ్ళతో కూర్చుని ఈ పని చేశాం. అంతా అయ్యేసరికి పదకొండు నెలలు పట్టింది. ఇలాంటి పని తలపెట్టేవాళ్ళకు పనికొస్తుందని చేసిన పద్ధతి, పడిన తప్పులు రాస్తున్నాను.

ఫోటోలతో పాటు వచ్చిన పాత క్యాప్షన్లు చాలావరకు ఒకే అచ్చులో ఉన్నాయి: "పశ్చిమార్ధగోళంలో అత్యంత పేద దేశమైన హైతీలో ఒక మహిళ." ఆ మహిళ ఏం అమ్ముతోంది, ఎంతకు అమ్ముతోంది, ఎక్కడినుంచి తెచ్చింది అన్నవి దాదాపు ఎక్కడా లేవు. అందుకని పాతవన్నీ పక్కనపెట్టి, ఫోటో తీసిన తేదీ, తీసినవారి పేరు మాత్రం ఉంచుకుని మొదటినుంచీ మొదలుపెట్టాం.

మొదట ఫోన్‌లో చూపించాం. అది తప్పు. ఫోన్ చేతికిస్తే ఎవరైనా ముఖాన్ని వేలితో పెద్దది చేసుకుని చూస్తారు, మూలలు చూడరు. ఫోటోలో కథ ఎక్కువగా మూలల్లోనే ఉంటుంది: గోడమీద రాత, నేలమీద డబ్బా, వెనకాల కొండ ఆకారం. అందుకే ప్రింట్లు తీయించాం. కెమెరా ఫోటో కొలత మూడుకు రెండు. కాబట్టి 4×6 అంగుళాల కాగితం మీద అంచులు తెగకుండా వస్తుంది. 5×7 తీయిస్తే పొడుగు వైపు కొంత కత్తిరించుకుపోతుంది. ఫోన్‌తో తీసిన ఫోటోల కొలత నాలుగుకు మూడు కాబట్టి అవి 4×6 లో పైనా కిందా తెగుతాయి. వాటికి తెల్ల అంచు వదిలి వేయమని ల్యాబ్‌లో ముందే చెప్పాలి. చూపు తగ్గిన పెద్దవాళ్ళ కోసం అవే ఫోటోలు 8×12 లో మరో సెట్టు వేయించాం.

ఇంకొకటి. మధ్యాహ్నపు ఎండలో తెల్లచొక్కా వేసుకున్న నల్లని మనిషిని తీస్తే, కెమెరా ఆ చొక్కాను కాపాడబోయి ముఖాన్ని చీకటి చేస్తుంది. ల్యాబ్‌కు అలాగే పంపితే కాగితం మీద కళ్ళు కూడా కనిపించవు. ప్రింటుకు ముందు నీడభాగాన్ని దాదాపు ఒక స్టాపు, అంటే వెలుగు రెట్టింపు అయ్యేంత, ఎత్తాం. చర్మపు రంగును మాత్రం ముట్టుకోలేదు. మొదటి విడతలో ఇది చేయకపోవడంతో, ఒక పెద్దావిడ పన్నెండు ప్రింట్లలో నాలుగింటిని చూడకుండానే పక్కన పెట్టేశారు.

ప్రింటు వెనక నంబరు వేయడంలోనూ జాగ్రత్త అవసరం. ఇప్పటి ల్యాబ్ కాగితానికి ప్లాస్టిక్ పూత ఉంటుంది, పెన్సిలు జారిపోతుంది. బాల్‌పెన్ను ఒత్తి రాస్తే ఆ గీత బొమ్మవైపుకు ఉబ్బుతుంది. ఫోటోల కోసమే అమ్మే సన్నని మార్కరుతో రాసి, నిమిషంపాటు ఆరనివ్వాలి. తడిమీదే దొంతర పెడితే సిరా పైనున్న ఫోటో ముఖానికి అంటుకుంటుంది. పాతకాలపు పూతలేని కాగితమైతే మెత్తని పెన్సిలే మంచిది.

ఒక విడతకు పది ప్రింట్లు, రెండు గంటలు. అంతకు మించితే చెప్పేవాళ్ళు అలసిపోయి "అవును, అవును" అనడం మొదలవుతుంది. ఆ తర్వాత విన్నదాన్ని నమ్మకూడదు. ప్రింటు చేతికిచ్చి మూడు నిమిషాలు ఏమీ అడగం. తర్వాత మొదటి ప్రశ్న మనిషి గురించి కాదు, వస్తువు గురించి: "కిసా సా యే?" అంటే ఇదేమిటి అని. వస్తువు పేరు నోటికి రాగానే దాని వెనకే పని, ధర, ఊరు, వాడే రుతువు వరసగా వస్తాయి. "ఈవిడ ఎవరై ఉంటారు?" అని మొదలుపెడితే ఊహలే వస్తాయి.

ఒక్కొక్క ఫోటోకు మూడు గళ్ళ కాగితం పెట్టుకున్నాం. మొదటి గడి చూసింది, రెండో గడి చెప్పింది, మూడో గడి ఊహ. చెప్పింది అన్న గడిలో చెప్పినవారి పేరు, తేదీ, వాళ్ళు ఆ ఊరివాళ్ళా కాదా అన్నది ఉండాలి. ఒకరు చెప్పిన దాన్ని, వారితో సంబంధంలేని మరొకరు విడిగా చెబితేనే క్యాప్షన్‌లోకి తీసుకున్నాం. మూడో గడిలోది ఎంత బాగున్నా క్యాప్షన్‌లోకి రానివ్వలేదు. ఈ ఒక్క నియమం వల్ల అందమైన వాక్యాలు చాలా పోయాయి. వాటిలో సగం అబద్ధాలని తర్వాత తేలింది.

సమయం దగ్గర రెండు ఉచ్చులున్నాయి. మొదటిది కెమెరా గడియారం. వేరే దేశం నుంచి వచ్చినవారు దాన్ని మార్చకుండానే తీస్తారు. భారత కాలంలో ఉన్న గడియారమైతే హైతీకి పదిన్నర గంటలు, వేసవి సమయం అమల్లో ఉంటే తొమ్మిదిన్నర గంటలు తీసేయాలి. తీసేస్తే తేదీయే మారిపోవచ్చు. నీడ పొడవు చూసి సరిపోల్చుకున్నాం. రెండోది పలకరింపు. కొన్ని ఫోటోలతో పాటు ధ్వని రికార్డులు ఉన్నాయి. వాటిలో "బోన్‌స్వా" (మాటకు మాట అయితే శుభ సాయంత్రం) అని వినబడగానే ఇంగ్లీషు క్యాప్షన్‌లో సాయంత్రం అని రాసేశారు. హైతీలో మధ్యాహ్నం దాటిందంటే చాలు, బోన్‌స్వాయే. ఎండ నడినెత్తిన ఉన్న ఫోటోకింద సాయంత్రం అని ఉండడం అలా జరిగింది.

పలకరింపు అనగానే 17వ నంబరు. ఒకాయన టోపీ చేత్తో పట్టుకుని ఒక ఇంటి ఆవరణ బయట నిలబడి ఉన్నాడు. పాత క్యాప్షన్: "ఉపాధి లేక ఎదురుచూస్తున్న రైతు." ఇద్దరు పెద్దలు విడివిడిగా నవ్వి ఒకే మాట చెప్పారు. పల్లెల్లో ఒకరి లాకులోకి, అంటే బంధువుల ఇళ్ళన్నీ చుట్టూ ఉండే ఉమ్మడి వాకిట్లోకి, పిలవకుండా అడుగుపెట్టరు. బయట నిలబడి "ఒనె!" అంటారు, గౌరవం అని. లోపలినుంచి "రెస్పె!" అని బదులు వచ్చాకే లోపలికి వెళ్తారు. అతను ఎదురుచూస్తున్నది ఆ బదులు కోసం అయ్యుంటుందని ఇద్దరి మాట. "అయ్యుంటుంది" కాబట్టి అది ఊహ గడిలోకే వెళ్ళింది. ఆవరణ అంచున టోపీ తీసి నిలబడ్డాడు అన్నది చూసింది. పల్లె మర్యాద ఏమిటన్నది చెప్పింది. క్యాప్షన్‌లో ఈ రెండే ఉన్నాయి, కలుపుకోవడం చదివేవారి పని. ఉపాధి మాట కొట్టేశాం.

పేర్ల దగ్గర మనవాళ్ళు తేలిగ్గా పొరబడే విషయం ఒకటుంది. పెళ్ళయిన ఆడవాళ్ళను "మదాన్" అని, పక్కన భర్త పేరు చేర్చి పిలుస్తారు. ఆ రెండో మాటను ఆమె పేరుగా రాస్తే ఆడమనిషి కింద మగవాడి పేరు అచ్చవుతుంది. ఇక "మదాన్ సారా" అయితే అసలు పేరే కాదు. పల్లెల్లో పంట కొని, లారీల మీద, తలల మీద పట్నానికి మోసుకొచ్చి అమ్మే ఆడవర్తకులందరికీ అదే మాట. గోలగోలగా గుంపుగా గింజలమీద వాలే ఒక పిట్ట పేరు వాళ్ళకు పెట్టారు. ఆ పిట్ట పశ్చిమాఫ్రికా నుంచి ఆ ద్వీపానికి వచ్చింది, మన గిజిగాడికి దగ్గర చుట్టం. అలాగే వేలాడే గూళ్ళు అల్లుతుంది. తెలుగు క్యాప్షన్‌లో గిజిగాడు అనే మాట పెట్టగలగడం నాకెంతో సంతోషం కలిగించింది. ఇంగ్లీషు వాక్యంలో ఆ పిట్ట పేరుకు ఇంత ప్రాణం లేదు.

సంత ఫోటోలే ఎక్కువ సమయం తీసుకున్నాయి. బియ్యం, చిక్కుళ్ళు, మొక్కజొన్న రవ్వ పోసిన గంపల్లో ఒక రేకు డబ్బా కనబడుతుంది. అది పారేసిన డబ్బా కాదు, కొలత. పేరు మమిత్. పెద్ద మమిత్‌తో బియ్యం దాదాపు ఆరు పౌన్లు, అంటే 2.7 కిలోలు. మన మానిక, సోల లాగే ఇది పరిమాణపు కొలత, తూకం కాదు. కాబట్టి గింజ మారితే బరువు మారుతుంది, గుబ్బగా పోశారా చదునుగా పోశారా అన్నదాన్ని బట్టి కూడా మారుతుంది. అందుకే "కిలో ఇంత" అని లెక్కగట్టి రాయలేదు, "మమిత్ ఇంత" అనే ఉంచాం. బేరం ఆడేది ఆ గుబ్బ దగ్గరే అని పెద్దావిడ చెప్పిన మాట క్యాప్షన్‌లో చేరింది.

ధరల దగ్గర ఇంకా పెద్ద గుంట ఉంది. హైతీ కరెన్సీ పేరు గూద్. సంతలో మాత్రం ధర "డాలర్ల"లో చెబుతారు. అది అమెరికా డాలర్ కాదు. 20వ శతాబ్దంలో చాలాకాలం ఒక అమెరికా డాలరుకు 5 గూద్‌లు అని స్థిరమైన మారకం నడిచింది. ఆ మారకం పోయినా, అయిదు గూద్‌లను ఒక డాలర్ అనే అలవాటు నాలుకమీద ఉండిపోయింది. అలాంటి నోటుగానీ బిళ్ళగానీ లేదు. చలామణీలోంచి 25 పైసల బిళ్ళ పోయినా మనం పావలా వడ్డీ అంటున్నాం కదా, అదే దారి. 2015 నాటి ఒక ఫోటో కింద, కోడి ధర 50 డాలర్లని పాత క్యాప్షన్ చెప్పింది. అంటే 250 గూద్‌లు. ఆ ఏడాది అమెరికా డాలరుకు సుమారు 50 గూద్‌లు పలికింది కాబట్టి అసలు ధర అయిదు డాలర్ల దగ్గర. పది రెట్ల తప్పు. ధర వినబడిన ప్రతిచోటా "ఏ డాలర్? హైతీదా, అమెరికాదా?" అని అడగడం నియమంగా పెట్టుకున్నాం.

వీధి ఫోటోల్లో ఎర్రటి, నీలిరంగు చిన్న బడ్డీల మీద పెద్ద అక్షరాలతో "బ్యాంక్" అని ఉంటుంది. చూడగానే బ్యాంకు శాఖ అనిపిస్తుంది. అవి బోలెత్ కొట్లు, రెండంకెల మీద పందెం కాసే లాటరీ. తెలుగు చదువరికి మట్కా అంటే ఒక్క ముక్కలో అర్థమవుతుంది. రాత్రి వచ్చిన కలకు ఏ అంకె అని చెప్పే పట్టీ ఒకటి ఉంటుంది, దాన్ని చాలా అంటారు (మన "చాలా"కు దీనికి సంబంధం లేదు). కొట్టు బయట పలకమీద సుద్దముక్కతో రాసిన అంకెలు వచ్చిన ఫలితాలు.

బట్టలను చూసి కథ చెప్పకూడదని కూడా నేర్చుకున్నాం. అమెరికా నుంచి మూటలుగా వచ్చే పాతబట్టలను పెపె అంటారు. ఒక కుర్రాడి టీషర్టు మీద ఏదో అమెరికా కాలేజీ పేరు ఉంటే అతను ఆ కాలేజీలో చదివినట్టు కాదు, ఆ మాట చదవగలిగినట్టు కూడా కాదు. చొక్కామీది రాతను క్యాప్షన్‌లో చమత్కారానికి వాడుకోవడం ఆ మనిషిని చిన్నబుచ్చడమే. అలాంటివి రెండు ఉంటే తీసేశాం. డామినో ఆడుతున్న ముసలాయన గడ్డానికి, చెవులకు బట్టల క్లిప్పులు పెట్టి ఉన్న ఫోటోకు మాత్రం ఒక్క వాక్యం చాలింది: ఓడిన ప్రతి ఆటకూ ఒక క్లిప్పు.

పంటల దగ్గరికి వచ్చేసరికి తెలుగులో రాయడం ఇంగ్లీషుకన్నా తేలికైంది. పితిమి అనే పంటను ఇంగ్లీషులో చిరుధాన్యం అని రాసి ఉంచారు. దాన్నే అనువదిస్తే సజ్జ అనో కొర్ర అనో అయ్యేది. ఫోటోలో కంకి చూడగానే తెలిసింది, అది జొన్న. ప్వా కొంగో అంటే కంది. పచ్చి కందిగింజలు అన్నంలో కలిపి వండుతారు. బెన్‌జోలివ్ అంటే మునగ. రాపదు అంటే చెరకు బెల్లం, ఆకులో పొడుగ్గా చుట్టి అమ్ముతారు. ఆ ఫోటో కింద ఇంగ్లీషువారు మూడు వాక్యాలు రాస్తే నాకు "ఆకుచుట్టిన బెల్లం" అన్న రెండు మాటలు చాలాయి.

వట్టివేరు గురించి ఇంకొంచెం చెప్పాలి. దక్షిణాన లే కాయ్ పట్టణం చుట్టుపక్కల కొండవాలుల మీద పండించి, అక్కడే బట్టీల్లో నూనె తీస్తారు. అత్తరు పరిశ్రమకు వెళ్ళే వట్టివేరు నూనెలో హైతీ వాటా చాలా పెద్దది. మొక్క పేరు "వెతివె". అది మన దక్షిణాది మాటే, ఫ్రెంచి మీదుగా అక్కడిదాకా వెళ్ళింది. ఫోటోలో గునపాలతో తవ్వుతున్నవాళ్ళను చూసి పాత క్యాప్షన్ "గడ్డి పీకుతున్న కూలీలు" అంది. పెద్దలు మొదట చూసింది వేరు పొడవు. పొట్టిగా ఉంది, ఏడాది కూడా నిండలేదన్నారు. వేరు ఏడాది, ఏడాదిన్నర భూమిలో ఉంటేనే నూనె బాగా దిగుతుంది. బడి ఫీజుకో ఆసుపత్రికో డబ్బు కావలసి వస్తే ముందే తవ్వేస్తారు. పైగా వేరు తవ్వితే వాలుమీద మట్టి వదులవుతుంది, వానకు కొట్టుకుపోతుంది. తవ్వే నెల చెప్పగలిగితే ఆ ఇంటి అవసరం ఏమిటో సగం చెప్పినట్టే అని ఒకాయన అన్నారు. మా ఫోటో తేదీ సెప్టెంబరు, బడులు తెరిచే కాలం. అయినా ఆ ఇంటివాళ్ళను అడగలేదు కాబట్టి ఫీజు సంగతి ఆ కుటుంబానికి అంటగట్టలేదు. ప్రాంతంలో జరిగేదిగా మాత్రం రాశాం.

బొగ్గు ఫోటోలు ఆరు ఉన్నాయి. పట్నాల్లో వంట చాలావరకు బొగ్గుమీదే. పొడినేలల్లో దానికి ఎక్కువగా నరికే చెట్లలో ఒకటి బయావోన్. ఆకు, ముల్లు దగ్గరగా చూస్తే మన సర్కారు తుమ్మే. కొమ్మలు పేర్చి, గడ్డి కప్పి, మట్టి మెత్తి, లోపల గాలి తక్కువగా ఆడేలా రోజుల తరబడి కాల్చడం ప్రకాశం, నెల్లూరు వైపు చూసినవాళ్ళకు కొత్త కాదు. నరికినా ఆ చెట్టు మోడునుంచి మళ్ళీ చిగురిస్తుంది. ఇక్కడే ఒక అంకె మమ్మల్ని ఆపింది. పాత క్యాప్షన్లలో "హైతీలో అడవి 2 శాతమే మిగిలింది" అని పదేపదే ఉంది. ఉపగ్రహ చిత్రాలతో 2014లో అచ్చయిన లెక్కలో చెట్ల కింద ఉన్న నేల దాదాపు మూడోవంతు. మామిడి, పనస జాతి చెట్లున్న పెరళ్ళు, కాఫీ నీడ చెట్లు, ఈ తుమ్మలు కూడా ఆ లెక్కలో చేరతాయి. దట్టమైన అడవి చాలా పోయిందన్నది నిజమే. ఆ రెండూ వేర్వేరు మాటలు. 2 శాతం అన్న అంకెను అన్నిచోట్లా తీసేశాం. ఒక బొగ్గు మూటమీద కూర్చున్న అమ్మాయి కింద దేశం అడవి లెక్క పెట్టడమే సరికాదని నా అభిప్రాయం. ఆమె కింద ఉండాల్సింది ఆ మూట ఎక్కడినుంచి వచ్చింది, ఎన్ని రోజులు కాలింది, ఎంతకు పోతుంది అన్నవి.

అన్నిటికన్నా ఎక్కువ చర్చ జరిగింది 63వ నంబరు మీద. డాబామీద గుడ్డ పరిచి వందల గుండ్రటి బిళ్ళలు ఎండబెట్టారు. మన కంటికి వడియాలు పెట్టినట్టే ఉంటుంది. అవి బోంబోన్ తే, మట్టి బిళ్ళలు. ఎంష్ ప్రాంతం నుంచి వచ్చే మెత్తని బంకమట్టిని జల్లించి, రాళ్ళు తీసి, నీళ్ళు, ఉప్పు, వనస్పతి కలిపి, చెంచాతో పలచగా పరిచి ఎండబెడతారు. 2008 మొదట్లో తిండిగింజల ధరలు మండినప్పుడు ఈ ఫోటోలు ప్రపంచమంతా తిరిగాయి, "మట్టి తిని బతుకుతున్న జనం" అని. ఏప్రిల్‌లో ధరలమీద అల్లర్లు జరిగి ప్రధానమంత్రి పదవే పోయింది. ఆకలి అబద్ధం కాదు. డబ్బులేక కడుపు నింపుకోవడానికి వాటిని తిన్నవాళ్ళున్నారు. కానీ ఆ బిళ్ళలు ఆకలితో పుట్టలేదు. గర్భిణులు వికారానికి, కడుపు మంటకు, ఒంటికి కాల్షియం కావాలని తినడం ఎప్పటినుంచో ఉంది. వేవిళ్ళతో ఉన్న ఆడపిల్ల మట్టికో సుద్దకో చెయ్యిచాపడం మన ఇళ్ళలోనూ తెలిసిందే. ఒక పెద్దావిడ తన మూడు కాన్పుల్లోనూ తిన్నానన్నారు, మరొకాయన ఆ ఏడాది తమ పేటలో పిల్లలకు అదే రాత్రి తిండి అన్నారు. రెండూ ఫోటోకు చెందుతాయి. ఒకటి వదిలేస్తే రెండోది అబద్ధమవుతుంది. అందుకే ఈ ఒక్క క్యాప్షన్ మాత్రం 80 మాటల హద్దు దాటి 130 మాటలు అయింది, అలాగే ఉంచాం.

పండుగ ఫోటోల్లో గుమ్మడి సూప్ ఉంది. జనవరి 1న ఇంటింటా వండి పంచే సూప్ జూమూ. 1804లో అదే రోజున దేశం స్వతంత్రమైంది, బానిసలుగా ఉన్నప్పుడు దొరల బల్లమీదికే వెళ్ళిన వంటకం అది. 2021లో యునెస్కో సాంస్కృతిక వారసత్వ పట్టికలో చేరింది. అయితే గిన్నెలో ఆ సూప్ కనబడగానే స్వాతంత్ర్య దినం అని రాయకూడదు. చాలా ఇళ్ళలో ఆదివారాలూ వండుకుంటారు. మా ఫోటో తేదీ చూస్తే అది మామూలు ఆదివారం.

వోదూ పూజల ఫోటోలు నాలుగు. వోదూను 2003లో ప్రభుత్వం అధికారికంగా మతంగా గుర్తించింది. అయినా బయటివాళ్ళు రాసినవాటిలో చేతబడి అన్న మాటే దొర్లుతుంటుంది. తెలుగులో ఆ మాట ఒక్కచోట కూడా రానివ్వలేదు. నేలమీద మొక్కజొన్న పిండిని బొటనవేలు, చూపుడువేలు మధ్య జారవిడుస్తూ వేసే వెవె బొమ్మకు మొదట "ముగ్గు" అని రాశాను. చేతి కదలిక అచ్చం అదే. కానీ ముగ్గు ఎవరైనా వేయవచ్చు, వెవె ఉంగన్ గానీ మంబో గానీ, అంటే పూజారి, పూజారిణి వేయాలి. ఒక్కొక్క దేవతకు ఒక్కొక్క బొమ్మ: ఎజిలికి గుండె, దంబలాకు రెండు పాములు. పూజ సాగుతుంటే అది నాట్యం చేసే కాళ్ళకింద చెరిగిపోతుంది. దీనికి దగ్గరైనది ముగ్గు కాదు, కొమురవెల్లి మల్లన్న దగ్గర ఒగ్గు పూజారులు వేసే పట్నం. మల్లన్నను పిలవడానికి రంగుపొడులతో వేస్తారు, ఆఖరికి దాన్ని తొక్కుకుంటూ దాటతారు. పట్నం అని మార్చాక తెలంగాణ చదువరులకు మరో వివరణ అక్కరలేకపోయింది, కోస్తావాళ్ళ కోసం ఒక వాక్యం అదనంగా పెట్టాం. పూజ చేసిన వ్యక్తి అనుమతి ఉందో లేదో తేలని రెండు ఫోటోలను ప్రదర్శననుంచే తీసేశాం.

అనుమతి సంగతి. "ఎస్కె మ్ కా ఫె ఫోటో వూ?" అంటే మీ ఫోటో తీయనా అని. ఆ ప్రశ్న అడిగి తీసిన ఫోటోల్లో మనిషి నిలబడే తీరే వేరుగా ఉంటుంది. అడగకుండా తీసినవి ప్రింటు చూడగానే పెద్దలు పట్టేశారు: అమ్మే మనిషి చెయ్యి ముఖానికి అడ్డంగా లేస్తూ ఉంటుంది. అలాంటివి ముఖం కనబడితే వాడలేదు. పిల్లల పేర్లు అసలు రాయలేదు. యూనిఫాం గురించి మేం చాలా ఆలస్యంగా మేలుకున్నాం. హైతీలో ఒక్కొక్క బడికి ఒక్కొక్క గళ్ళగుడ్డ, దానికి తగ్గ రిబ్బను. మటాపాన్‌లో కూర్చున్న ఒకావిడ రంగు చూసి బడి పేరు, వీధి పేరు చెప్పేశారు. అంటే పేరు తీసేసినా ఆ పిల్ల ఎక్కడ దొరుకుతుందో ఫోటో చెబుతూనే ఉంది. 2021 జులైలో దేశాధ్యక్షుణ్ణి చంపిన తర్వాత రాజధానిలో ముఠాల పట్టు ఎంత పెరిగిందో తెలిసిందే. అందుకని పిల్లల ఫోటోలకు ఊరు కాకుండా జిల్లా స్థాయి వరకే రాశాం, ఫైళ్ళలో దాగివున్న జీపీఎస్ అంకెలు తుడిచేశాం, యూనిఫాం స్పష్టంగా ఉన్నవి ఆన్‌లైన్‌లో పెట్టలేదు. జీపీఎస్ తుడిచేటప్పుడు తేదీ కూడా పోకుండా చూసుకోవాలి. మేం వాడిన పనిముట్టు మొదటిసారి రెండింటినీ తుడిచేసింది. కాపీ ఉంది కాబట్టి సరిపోయింది.

ఒక విడతలో ఈ 140లో లేని ఫోటో ఒకటి మాటల్లోకి వచ్చింది. 1915 నుంచి 1934 దాకా అమెరికా సైన్యం హైతీని ఆక్రమించింది. ఎదురుతిరిగిన నాయకుడు షార్లమాన్య్ పెరాల్త్‌ను 1919లో చంపి, శవాన్ని ఒక తలుపుకు నిలబెట్టి కట్టి, ఫోటో తీసి జనానికి పంచారు, తిరుగుబాటు అయిపోయిందని చెప్పడానికి. జనం ఆ ఫోటోలో శిలువమీది క్రీస్తును చూశారు. తర్వాత చిత్రకారుడు ఫిలోమే ఒబాన్ దాన్ని శిలువగానే గీశాడు. ఆ సంగతి చెప్పినాయన మా ప్రింట్లను వేలితో తడుతూ, తీసినవాళ్ళు ఏమనుకుని తీశారన్నది కూడా ఇంకో గడిలో రాసుకోండి అన్నారు. నాలుగో గడి అలా చేరింది. అప్పటికి 90 ఫోటోలు పూర్తయ్యాయి, వాటన్నిటికీ మళ్ళీ వెనక్కి వెళ్ళాం. తీసినవారికి రాసి, ఏ పనిమీద వెళ్ళారు, ఎవరు పంపారు, ముందు వెనక తీసిన ఫ్రేములేవి అని అడిగాం. ముందు వెనక ఫ్రేములు అడగడం మాత్రం మొదటిరోజే చేయాల్సిన పని. ఏడుస్తున్నట్టున్న ఒక పిల్ల, తర్వాతి ఫ్రేములో తుమ్మి నవ్వుతోంది.

క్యాప్షన్ కొలత 60 నుంచి 80 మాటలు. మొదటి వాక్యంలో కంటికి కనబడేది, వర్తమానంలో. రెండోది చోటు, నెల, ఏడాది. తర్వాత ఆ వస్తువు లేదా పని గురించి రెండు వాక్యాలు. చివర చెప్పినవారి మాట ఒకటి ఉంటే వారి మాటల్లోనే. పేద, అమాయక, చిరునవ్వు చెదరని, కష్టజీవి అన్న నాలుగు మాటల మీద నిషేధం. తెలుగు చిత్తుప్రతుల్లో "చిరునవ్వు చెదరని" ఏడుసార్లు వచ్చింది, ఏడూ నా చేత్తో రాసినవే.

రాసినదాన్ని తిరిగి వినిపించడం ఆఖరి మెట్టు. ఫోటోలోని మనిషి ఆచూకీ తెలిసినచోట క్రెయోల్‌లో చదివి వాట్సాప్‌లో వాయిస్ పంపాం, నిమిషం లోపు. రాసి పంపితే జవాబులు రాలేదు. బడిలో చదువు చాలాకాలం ఫ్రెంచిలోనే సాగడంతో క్రెయోల్ చదవడం అలవాటు లేనివాళ్ళు చాలామంది. వాయిస్ పంపితే వాయిస్‌తోనే జవాబు వచ్చింది. ముప్ఫై ఒక్క ఫోటోలకు ఇలా జవాబు దొరికింది. దిద్దుబాట్లు ఎక్కువగా చిన్నవే: అది మేక కాదు గొర్రె. ఆ గంప నాది కాదు, పక్కావిడది. ఒక మదాన్ సారా మాత్రం ధర కొట్టేయమంది. ఆ రోజు తక్కువకు ఇచ్చానని మిగతావాళ్ళకు తెలియడం ఆవిడకు ఇష్టం లేదు. కొట్టేశాం.

పంతొమ్మిది ఫోటోలకు చెప్పింది అన్న గడి ఖాళీగానే ఉండిపోయింది. వాటి కింద కనబడేది మాత్రమే ఉంది. ఉదాహరణకు 112: "తలమీద చుట్టకుదురు, దానిమీద తెల్ల బకెట్టుతో ఒకామె మెట్లు ఎక్కుతోంది. ఎడమవైపు గోడమీద సుద్దముక్కతో రాసిన 07, 41. మార్చి 2013." ప్రదర్శన గదిలో ఆ పంతొమ్మిదింటి పక్కన తెల్లకాగితం అంటించి, దారంతో ఒక పెన్సిలు కట్టి ఉంచాం.